డయాలసిస్ పేషెంట్‌కి ఎకో (గుండె అల్ట్రాసౌండ్): ఎప్పుడు తీయాలి, ఏం కొలవాలి, ఎలా చదవాలి

సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ చేయించుకునే ఒకాయనకి సోమవారం పొద్దున, మిషన్ ఎక్కకముందే ఎకో తీశారనుకుందాం. ఎడమ జఠరిక ఉబ్బి కనిపిస్తుంది. ఎడమ కర్ణిక పెద్దదైందంటారు. మైట్రల్ కవాటం దగ్గర లీకు ‘మోడరేట్’ అని, ఊపిరితిత్తుల ధమనిలో ప్రెషర్ ఎక్కువని రాస్తారు. అదే మనిషికి మంగళవారం తీస్తే లీకు ‘మైల్డ్’ కావచ్చు, ప్రెషర్ దిగవచ్చు, కర్ణిక కాస్త చిన్నదవచ్చు. ఒక్క రోజులో గుండె బాగుపడిందని కాదు. శని, ఆదివారాల్లో ఒంట్లో చేరిన నీరు బయటికి పోయింది, అంతే.

అందుకే డయాలసిస్ ఎప్పుడు అయిందో, ఎకో తీసిన రోజు బరువెంతో రాయని రిపోర్టుని నేను సగం రిపోర్టుగానే చూస్తాను. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఎకో టెక్నీషియన్ల కోసం, డయాలసిస్ యూనిట్లలో పనిచేసే డాక్టర్లు, నర్సుల కోసం. రిపోర్టు చేతిలో పట్టుకుని టెన్షన్ పడే ఇంటివాళ్లకి కూడా కొంత ఉపయోగపడుతుంది. అయితే దీన్ని చదివి మందులు గానీ డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) గానీ సొంతంగా మార్చుకోవద్దు.

ఈ గుండె ఎందుకు వేరు

డయాలసిస్ మీద ఉన్నవారిని ఎక్కువగా బలిగొనేది గుండెజబ్బే. ఏళ్ల తరబడి బీపీ, రెండు డయాలసిస్‌ల మధ్య చేరే నీరు, రక్తహీనత, ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపిన చోటు) వల్ల పెరిగే రక్తప్రవాహం, కాల్షియం, ఫాస్ఫరస్ అదుపు తప్పి కవాటాల మీదా రక్తనాళాల మీదా పేరుకునే సున్నం, ఇవన్నీ కలిసి గుండె మీద పడతాయి. కెనడాలో డయాలసిస్ మొదలుపెట్టినవారిని ఎకోతో చూసి 1995లో వెలువరించిన పరిశీలనలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి అప్పటికే ఎడమ జఠరిక గోడలు మందమై ఉన్నాయి. అంటే మన దగ్గరికి వచ్చేసరికే ఈ గుండె మామూలుగా లేదు. ‘ఈఎఫ్ 60, నార్మల్’ అని (ఈఎఫ్ అంటే ఎడమ జఠరిక ఒక్కో కొట్టుకు బయటికి పంపే రక్తం శాతం) ఒక్క ముక్క రాసి పంపేస్తే వీరికి ఏ మేలూ జరగదు.

మొదటి మెట్టు: రోజు ఎంచుకోవడం

డయాలసిస్ అయిన మర్నాడు, వారం మధ్యలో వచ్చే చిన్న గ్యాప్‌లో తీయడం మంచిది. పైన చెప్పిన షెడ్యూల్‌లో అది మంగళవారమో గురువారమో అవుతుంది. ఆ రోజు పేషెంట్ తన డ్రై వెయిట్‌కి దగ్గరగా ఉంటారు. శని, ఆదివారాల గ్యాప్ అయిపోయే సమయంలో నీరు ఎక్కువగా ఉంటుంది, కాబట్టి అన్నీ పెద్దవిగా కనిపిస్తాయి. డయాలసిస్ ముగిసిన గంటలోపు తీసినా ఇబ్బందే. నీరు వేగంగా తీసిన తర్వాత గుండె కండరంలో కొంత భాగం కాసేపు మొద్దుబారి సరిగ్గా కదలకపోవచ్చు. అది చూసి పాత హార్ట్ ఎటాక్ అనుకునే ప్రమాదం ఉంది.

మన దగ్గర చాలామందికి వారానికి రెండుసార్లే డయాలసిస్ జరుగుతోంది. వీరికి గ్యాప్‌లు ఇంకా పెద్దవి కాబట్టి ‘మర్నాడు’ అనే నియమం మరింత ముఖ్యం. ఊరి నుంచి రావడమే కష్టమైతే, ప్రతిసారీ ఒకే సమయంలో, ఉదాహరణకి ఎప్పుడూ డయాలసిస్‌కి ముందే, తీయండి. అప్పుడు ఒకసారి తీసినదాన్ని ఇంకోసారి తీసినదానితో పోల్చడానికైనా వీలుంటుంది. పొట్టలో ద్రవం పెట్టుకునే పెరిటోనియల్ డయాలసిస్ వారికి ఆ ద్రవం తీసేశాక చేస్తే చిత్రాలు బాగా వస్తాయి. పొట్ట నిండుగా ఉండగా చేయాల్సి వస్తే ఆ సంగతి రాయండి.

అత్యవసరమైతే ఈ నియమాలేవీ వర్తించవు. ఆయాసంతో కూర్చోలేకపోతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, మిషన్ మీద బీపీ పడిపోతున్నా అప్పటికప్పుడు తీయాల్సిందే.

రెండో మెట్టు: ప్రోబ్ పట్టుకునే ముందు

ఐదు విషయాలు అడిగి రాసుకోండి: చివరి డయాలసిస్ ఎప్పుడు అయింది, డ్రై వెయిట్ ఎంత, ఇవాళ్టి బరువెంత, బీపీ, నాడి ఎంత ఉన్నాయి, తాజా హీమోగ్లోబిన్ ఎంత. బీపీ ఫిస్టులా లేని చేతికే చూడాలి. హీమోగ్లోబిన్ 7 ఉన్న మనిషి గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. అలాంటప్పుడు ఈఎఫ్ బాగానే ఉన్నట్టు కనిపించడం సహజం.

శరీర ఉపరితల వైశాల్యం లెక్కకి ఎకో మిషన్‌లో డ్రై వెయిట్ ఎంటర్ చేయండి, ఇవాళ్టి బరువు కాదు. నీటి బరువు కలిస్తే హారం పెద్దదై గుండె బరువు సూచిక (ఎడమ జఠరిక బరువుని శరీర వైశాల్యంతో భాగిస్తే వచ్చేది) తక్కువగా చూపిస్తుంది.

పడుకోబెట్టేటప్పుడు ఎడమ చేతి ఫిస్టులా ఉన్నవారి విషయంలో జాగ్రత్త. ఎకో కోసం ఎడమ పక్కకి తిప్పుతాం కదా, ఆ చెయ్యి ఒంటి కింద నలగకూడదు. చెయ్యి పైకెత్తి తల దగ్గర వదులుగా పెట్టించండి. మోచెయ్యి గట్టిగా మడవనివ్వకండి. పరీక్ష అయ్యాక ఫిస్టులా మీద వేళ్లు పెట్టి రక్తం పారుతుంటే తగిలే ప్రకంపన ఉందో లేదో చూడండి. అర నిమిషం పని ఇది, కానీ ఫిస్టులా మూసుకుపోతే ఆ మనిషికి మళ్లీ మెడలో క్యాథెటర్, మళ్లీ ఆపరేషన్ తప్పవు. ఛాతీ మీద పెర్మ్‌క్యాథ్ (డయాలసిస్ కోసం సిరలో ఉంచే గొట్టం) ఉంటే దాని డ్రెస్సింగ్‌కి జెల్ తగలకూడదు. పడుకుంటే ఆయాసపడే వారికి తలవైపు ఎత్తి, కూర్చున్నట్టే ఉంచి తీయండి.

మూడో మెట్టు: గోడల మందం, గుండె బరువు

నీటి ప్రభావం ఎంతో బాగా అర్థమయ్యేది ఇక్కడే. పారాస్టెర్నల్ లాంగ్ యాక్సిస్‌లో (రొమ్ము ఎముక పక్క నుంచి గుండెని నిలువుగా చూసే వ్యూ), జఠరిక పూర్తిగా నిండిన క్షణంలో మూడు కొలతలు తీస్తాం: మధ్య గోడ, లోపలి వెడల్పు, వెనక గోడ. మూడూ కలిపి ఘనం చేసి, అందులోంచి లోపలి వెడల్పు ఘనాన్ని తీసేసి, వచ్చినదాన్ని 1.04 తోనూ 0.8 తోనూ గుణించి, 0.6 కలిపితే గ్రాముల్లో గుండె బరువు, అంటే ఎడమ జఠరిక బరువు, వస్తుంది. మిషనే లెక్క కడుతుంది, అయినా ఒకసారి చేత్తో వేసి చూడండి.

మధ్య గోడ 1.3 సెం.మీ., వెనక గోడ 1.2, లోపలి వెడల్పు 5.0 అనుకుందాం. బరువు దాదాపు 248 గ్రాములు. శరీర వైశాల్యం 1.6 చదరపు మీటర్లైతే సూచిక 155 వస్తుంది. ఇప్పుడు గోడలు అలాగే ఉంచి, నీరు చేరడం వల్ల లోపలి వెడల్పు మాత్రం 5.4 అయిందనుకోండి. బరువు 280 గ్రాములు, సూచిక 175. నాలుగు మిల్లీమీటర్ల ఉబ్బు 32 గ్రాముల ‘కండరం’ పుట్టించింది! నిజానికి అక్కడ కండరం ఏమీ పెరగలేదు. సూత్రంలో ఘనం ఉండటం వల్ల చిన్న తేడా ఇంత పెద్దదవుతుంది. ఆరు నెలల తేడాతో తీసిన రెండు రిపోర్టులు చూసి ‘గుండె మందం పెరిగింది’ అనే ముందు ఆ రెండు రోజుల బరువులు చూడమనేది ఇందుకే.

ఈ పద్ధతిలో సూచిక మగవారికి 115, ఆడవారికి 95 దాటితే గుండె బరువు పెరిగినట్టు. వెనక గోడ మందాన్ని రెట్టించి లోపలి వెడల్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.42 దాటితే గోడలు లోపలికి మందమవుతున్నాయని అర్థం, ఎక్కువగా బీపీ వల్ల. దాటకపోతే గది పెద్దదవుతోంది. నీరు, ఫిస్టులా, రక్తహీనత అటువైపు తోస్తాయి. పై ఉదాహరణలో వెడల్పు 5.0 ఉన్నప్పుడు నిష్పత్తి 0.48. బాగా సన్నగానో లావుగానో ఉన్నవారికి ఎత్తుని 2.7 ఘాతానికి పెంచి భాగించే పద్ధతి వాడవచ్చు. అప్పుడు హద్దులు మగవారికి 48, ఆడవారికి 44.

గోడలు బాగా మందంగా ఉండి ఈసీజీలో గీతలు మాత్రం చిన్నవిగా ఉంటే ఇది బీపీ వల్ల వచ్చిన మందమేనా, అమైలాయిడ్ (కండరంలో అసహజ ప్రోటీన్ పేరుకునే జబ్బు) లాంటిదేమైనా ఉందా అని ఒక మాట రిపోర్టులో రాయండి.

నాలుగో మెట్టు: పంపింగ్

ఈఎఫ్‌ని కంటితో చూసి అంచనా వేయొద్దు. నాలుగు గదుల వ్యూలోనూ రెండు గదుల వ్యూలోనూ లోపలి అంచులు గీసి, సింప్సన్ పద్ధతిలో (గదిని పలుచని బిళ్లలుగా విడగొట్టి పరిమాణం లెక్కకట్టే పద్ధతి) లెక్కించండి. మగవారికి 52, ఆడవారికి 54 శాతం నుంచి మామూలు కిందే లెక్క. 40, అంతకన్నా తక్కువైతే స్పష్టంగా తగ్గినట్టు. చిత్రం సరిగ్గా రాకపోతే గాలిబుడగల కాంట్రాస్ట్ వాడవచ్చు. అది కిడ్నీ ద్వారా బయటికి పోయేది కాదు, కాబట్టి సీటీ, ఎంఆర్‌ఐ కాంట్రాస్ట్‌ల విషయంలో ఉండే కిడ్నీ భయాలు ఇక్కడ ఉండవు.

మందమైన గోడల గుండె లోపల చిన్నగా ఉంటుంది. కండరం బలహీనపడినా ఈఎఫ్ 55, 60 చూపిస్తూనే ఉంటుంది. మిషన్‌లో స్ట్రెయిన్ సాఫ్ట్‌వేర్ ఉంటే దాన్ని తప్పకుండా వాడండి. కండరం నిలువునా ఎంత శాతం కుదించుకుంటోందో అది చెబుతుంది. ఆరోగ్యవంతుల్లో సుమారు 20 ఉంటుంది, 16 కంటే తగ్గితే పట్టించుకోవాలి. ఇది కూడా నీటితో, బీపీతో మారుతుంది కాబట్టి మళ్లీ అదే మాట: ఒకే పరిస్థితిలో తీసినవే పోల్చాలి.

గోడలో ఏదో ఒక చోట కదలిక తగ్గితే ఏ ముక్కలో తగ్గిందో రాయండి. కిడ్నీ మార్పిడికి సిద్ధమవుతున్నవారికి ఇది మరీ ముఖ్యం. ఇక్కడ కుటుంబాలకి ఒక మాట చెప్పాలి. ఈఎఫ్ తక్కువ ఉన్నంత మాత్రాన మార్పిడికి దారి మూసుకుపోయినట్టు కాదు. మార్పిడి తర్వాత పంపింగ్ బాగా కోలుకున్నవారు చాలామంది ఉన్నారు. తగ్గడానికి కారణం రక్తనాళాల్లో పూడికా, యూరీమియానా (రక్తంలో పేరుకున్న వ్యర్థాలు), నీరా అన్నది తేల్చుకోవాలి.

ఐదో మెట్టు: గుండె సడలడం

డాప్లర్‌తో, అంటే రక్తం, కండరం కదిలే వేగాన్ని కొలిచే పద్ధతితో, చూసే భాగం ఇది. ‘ఇ’ అంటే జఠరిక మొదట నిండేటప్పటి రక్తం వేగం, ‘ఇ ప్రైమ్’ అంటే అప్పుడు మైట్రల్ కవాటం దగ్గర గోడ కదిలే వేగం. 2016 మార్గదర్శకాల ప్రకారం నాలుగు సంగతులు కలిపి చూస్తారు: సగటు ఇ బై ఇ ప్రైమ్ 14 దాటడం, ఇ ప్రైమ్ మధ్య గోడ దగ్గర సెకనుకి 7 లేదా పక్క గోడ దగ్గర 10 సెం.మీ. లోపు ఉండటం, ట్రైకస్పిడ్ లీకు వేగం సెకనుకి 2.8 మీటర్లు దాటడం, ఎడమ కర్ణిక సూచిక 34 మి.లీ. దాటడం. సగానికి పైగా ఉంటే సడలింపులో లోపం ఉన్నట్టు.

డయాలసిస్ పేషెంట్లలో దీనికి రెండు చిక్కులున్నాయి. ఇ తరంగం నీటిని బట్టి మారిపోతుంది. రెండోది, మైట్రల్ కవాటం చుట్టూ సున్నం గట్టిగా పేరుకుంటే ఆ చోటు కదలదు. అప్పుడు ఇ ప్రైమ్ తక్కువగా, నిష్పత్తి ఎక్కువగా వస్తుంది. అది గుండె లోపలి ఒత్తిడిని చెప్పదు. సున్నం మోడరేట్ లేదా అంతకు మించి ఉంటే ఈ నిష్పత్తి మీద ఆధారపడకుండా, ఆ సంగతి రిపోర్టులో రాయండి.

ఆరో మెట్టు: కవాటాలు

సున్నం ఎక్కడుందో, ఎంతుందో రాయాలి. అయోర్టిక్ కవాటం దారి సన్నబడటం (స్టెనోసిస్) వీరిలో మిగతావారికన్నా వేగంగా ముదురుతుంది. అందుకే ‘స్క్లెరోసిస్ మాత్రమే’ (కవాటం గట్టిపడింది, దారి ఇంకా ఇరుకవలేదు) అని తేలిగ్గా వదిలేయకుండా ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చూడమని సూచించండి. వేగం సెకనుకి 4 మీటర్లు, సగటు గ్రేడియెంట్ (కవాటానికి అటూ ఇటూ ప్రెషర్ తేడా) 40, కవాటం వైశాల్యం ఒక చదరపు సెం.మీ. అనేవి తీవ్రతకి మామూలు హద్దులు. కానీ పెద్ద ఫిస్టులా, రక్తహీనత ఉంటే ప్రవాహమే ఎక్కువై గ్రేడియెంట్ పెరిగిపోతుంది. కాబట్టి వైశాల్యం కూడా లెక్కకట్టకుండా తీవ్రమని ముద్ర వేయకండి. లీకుల తీవ్రతని డ్రై వెయిట్ దగ్గరే తేల్చాలి.

క్యాథెటర్ ఉన్న పేషెంట్‌కి చలిజ్వరం వస్తే కవాటాల మీద ఇన్ఫెక్షన్ గడ్డలు వెతకండి. కుడి కర్ణికలో క్యాథెటర్ కొస దగ్గర గడ్డ ఉందేమో కూడా చూడండి. మామూలు ఎకోలో కనపడనంత మాత్రాన లేదనుకోవద్దు. బ్లడ్ కల్చర్‌లో స్టెఫైలోకాకస్ ఆరియస్ వస్తే అన్నవాహిక నుంచి తీసే టీఈఈ గురించి ఆ రోజే మాట్లాడాలి.

ఏడో మెట్టు: కుడి వైపు, పెద్ద సిర, ఊపిరితిత్తులు

ట్రైకస్పిడ్ లీకు వేగాన్ని వర్గం చేసి, నాలుగుతో గుణించి, కుడి కర్ణిక ప్రెషర్ కలిపితే ఊపిరితిత్తుల ధమని ప్రెషర్ వస్తుంది. వేగం 3 మీటర్లు, కర్ణిక ప్రెషర్ 8 అయితే 44. కుడి జఠరిక పనికి టాప్సీ (ట్రైకస్పిడ్ కవాటం అంచు ప్రతి కొట్టుకు కదిలే దూరం) చూడండి, 17 మి.మీ. లోపు ఉంటే తగ్గినట్టు.

కుడి కర్ణిక ప్రెషర్ కోసం పొట్ట పైభాగం నుంచి ఐవీసీని (కింది భాగం నుంచి గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర) చూస్తాం. వెడల్పు 2.1 సెం.మీ. లోపు ఉండి, ముక్కుతో గట్టిగా పీల్చినప్పుడు సగానికి పైగా ముడుచుకుంటే ప్రెషర్ 3. అంతకన్నా వెడల్పుగా ఉండి సగం కూడా ముడుచుకోకపోతే 15. మధ్యలో ఉన్నవారికి 8. ఈ ఒక్కదాన్ని చూసి డ్రై వెయిట్ మార్చడం నాకు సమ్మతం కాదు. ట్రైకస్పిడ్ లీకు ఎక్కువున్నా, పల్మనరీ ప్రెషర్ పాతదైనా నీరు లేకుండానే ఐవీసీ ఉబ్బి ఉంటుంది.

అదే ప్రోబ్‌తో ఊపిరితిత్తులు కూడా చూడటం నేర్చుకోండి. పక్కటెముకల మధ్య పెడితే పైనుంచి కిందిదాకా దిగే తెల్లని నిలువు చారలు, బి-లైన్లు, కనిపిస్తాయి. 28 చోట్ల లెక్కపెట్టడం పూర్తి పద్ధతి. ఎనిమిది చోట్ల చూసే క్లుప్త పద్ధతి యూనిట్లో చాలు. కాళ్ల వాపు లేకుండా, స్టెతస్కోప్‌కి ఏమీ వినిపించకుండా ఊపిరితిత్తుల్లో నీరు ఉండటం డయాలసిస్ పేషెంట్లలో మామూలే. యూరప్‌లో జరిగి 2021లో వెలువడిన లస్ట్ ట్రయల్‌లో ఈ చారల్ని బట్టి నీరు తీసినవారిలో ఊపిరితిత్తుల నీరు తగ్గింది. కానీ మరణాలు, హార్ట్ ఎటాక్, గుండె వైఫల్యం కలిపిన ప్రధాన ఫలితంలో స్పష్టమైన తేడా రాలేదు. అందుకని దీన్ని తీర్పుగా కాక సాక్ష్యంగా వాడండి. న్యుమోనియాలో, ఊపిరితిత్తులు గట్టిపడిన జబ్బుల్లో కూడా ఇవే చారలు వస్తాయి.

ఎనిమిదో మెట్టు: ఫిస్టులా గుండె నుంచి ఎంత లాగుతోంది

చాలా ఎకో గదుల్లో దీన్ని వదిలేస్తారు, అది నాకు బాధ కలిగించే విషయం. ఫిస్టులా అంటే ధమని నుంచి సిరలోకి తెరిచిన కాలువ. డయాలసిస్ లేని రోజున కూడా అందులో రక్తం పారుతూనే ఉంటుంది, దాని కోసం గుండె రాత్రింబవళ్లు అదనంగా పనిచేస్తూనే ఉంటుంది.

లీనియర్ ప్రోబ్‌తో ఫిస్టులా ఉన్న చేతి బ్రేకియల్ ధమనిని (చేతికి రక్తం తెచ్చే ముఖ్య ధమని), మోచేతికి పైన, చూడండి. వ్యాసం 6 మి.మీ., కాలం మీద సగటు వేగం సెకనుకి 60 సెం.మీ. అయితే ప్రవాహం నిమిషానికి దాదాపు ఒక లీటరు. వ్యాసాన్ని పొరపాటున 7 మి.మీ. అని కొలిస్తే అదే ప్రవాహం దాదాపు 1.4 లీటర్లయిపోతుంది. అందుకే వ్యాసం మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. డాప్లర్ కోణం 60 డిగ్రీలు దాటకూడదు.

తర్వాత గుండె నిమిషానికి పంపే రక్తం లెక్కకట్టండి. ఎల్‌వీఓటీ (ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి వెళ్లే దారి) వ్యాసం 2 సెం.మీ., వీటీఐ (ఒక్కో కొట్టుకు అందులో రక్తం ముందుకు సాగే దూరం) 22 సెం.మీ., నాడి 80 అయితే దాదాపు 5.5 లీటర్లు. అందులో ఫిస్టులా వాటా 18 శాతం, భయం లేదు. ఫిస్టులా ప్రవాహం 1.5 నుంచి 2 లీటర్లు దాటినా, గుండె పంపేదాంట్లో 30 శాతం మించినా, దానికి తోడు ఆయాసం, ఉబ్బిన గదులు ఉంటే ఫిస్టులాని సన్నబరచడం గురించి సర్జన్‌తో మాట్లాడాలి. డాక్టర్ దగ్గరుండగా ఫిస్టులాని కొన్ని క్షణాలు నొక్కి నాడి చూడవచ్చు. నాడి తగ్గి బీపీ పెరిగితే ఫిస్టులా భారం ఎక్కువుందనడానికి అదో సూచన.

తొమ్మిదో మెట్టు: గుండె చుట్టూ నీరు

కొద్దిగా ఉండటం చాలామందిలో చూస్తాం. పారాస్టెర్నల్ వ్యూలో దిగే బృహద్ధమనికి ముందు ఉంటే అది గుండె చుట్టూ ఉన్న నీరు, వెనక ఉంటే ఊపిరితిత్తి చుట్టూ ఉన్నది. ఒక సెం.మీ. లోపు తక్కువ, రెండు దాటితే ఎక్కువ. నీరు తీయడం మొదలుపెట్టగానే ప్రతిసారీ బీపీ పడిపోతున్న మనిషిలో దీన్ని ముందుగా వెతకండి. కుడి గదుల గోడలు లోపలికి ముడుచుకుపోవడం ప్రమాద సంకేతం. కానీ పల్మనరీ ప్రెషర్ ఎక్కువున్నవారిలో అది కనిపించకపోవచ్చు. ఒంట్లో నీరు తక్కువున్నప్పుడు ఐవీసీ కూడా ఉబ్బకపోవచ్చు. నీరు ఎక్కువగా ఉందనిపిస్తే రిపోర్టు టైప్ అయ్యేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం దాని మీద ఆధారపడి ఉంటుంది.

పదో మెట్టు: మిషన్ మీద ఉండగా

ప్రతి పేషెంట్‌కీ అక్కర్లేదు. పదేపదే బీపీ పడిపోయేవారికి డయాలసిస్‌కి ముందు ఒకసారి, చివరి అరగంటలో ఒకసారి, అయిపోయిన అరగంటకి ఒకసారి నాలుగు, రెండు గదుల వ్యూలు తీసి గోడల కదలికని పోల్చండి. ముందు బాగా కదిలిన ముక్కలు చివర్లో ఆగిపోయి తర్వాత కోలుకుంటే, డయాలసిస్ నడిపే తీరు గుండెకి సరిపడటం లేదని అర్థం. గంటకి కిలో బరువుకి 13 మి.లీ. కన్నా వేగంగా నీరు తీసినవారిలో మరణాలు ఎక్కువని పరిశీలనల్లో తేలింది. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో అది 3.1 లీటర్లు. అంతకన్నా ఎక్కువ తీయాల్సి వస్తే సమయం పెంచడం, ఇంకో సెషన్ కలపడం, ఉప్పు తగ్గించడం, డయాలసేట్ (మిషన్‌లో వాడే డయాలసిస్ ద్రవం) కాస్త చల్లబరచడం గురించి నెఫ్రాలజిస్ట్ ఆలోచిస్తారు.

యూనిట్లోకి చేతిలో పట్టేంత చిన్న మిషన్ కొనాలనుకునేవారు ఒక సంగతి మరిచిపోవద్దు. ఎకో కోసమే అయినా ఆ మిషన్‌కి పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భస్థ శిశువు లింగ నిర్ధారణని నిషేధించే చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి.

రిపోర్టు, మళ్లీ ఎప్పుడు

మొదటి వరుసలోనే ఇలా రాయండి: ‘డయాలసిస్ అయిన మర్నాడు, బరువు 58.6 కిలోలు, డ్రై వెయిట్ 58, బీపీ 140/80, నాడి 78, ఎడమ మోచేయి ఫిస్టులా.’ చివర్లో పాత ఎకోతో పోలిక రాసి, పోల్చడానికి వీల్లేని పరిస్థితిలో తీసి ఉంటే అదీ చెప్పండి.

డయాలసిస్ మొదలుపెట్టి డ్రై వెయిట్ కుదిరాక, ఒకటి నుంచి మూడు నెలల్లో మొదటి ఎకో, ఆపైన మూడేళ్లకోసారి అని అమెరికా కిడ్నీ ఫౌండేషన్ 2005 మార్గదర్శకాలు చెప్పాయి. మూడేళ్లు చాలా ఎక్కువని నా అభిప్రాయం. ఈఎఫ్ తక్కువున్నవారికి, అయోర్టిక్ కవాటం సన్నబడుతున్నవారికి, మార్పిడి జాబితాలో ఉన్నవారికి ఏడాదికోసారి తీయాలి. బరువు తగ్గించినా ఆయాసం తగ్గకపోతే, మిషన్ మీద కొత్తగా బీపీ పడిపోవడం మొదలైతే, ఫిస్టులా బాగా ఉబ్బిపోతుంటే తేదీలతో పని లేదు, ఆ వారమే తీయించండి.